తొట్టి పక్క కుర్చీ

పోయిన వారం నన్ను నవ్వులపాలు చేసి మీరంతా హాయిగా పుస్తకం మూసేశారు. నేను మాత్రం వారం రోజులుగా ఆ నవ్వుల మధ్యనే నిలబడి ఉన్నాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఇంకోసారి చెబుతాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు.

నా పేరు లీదియా. మాదాపూర్‌లో హైటెక్ సిటీ టవరు వెనక, ఇంకా బండలు పగలగొడుతున్న రోడ్డు మీద మా కంపెనీ. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయట. మర్చిపోకుండా చూడడం కంపెనీ పని. తలుపు తెరుచుకోగానే నవ్వి నమస్కారం పెట్టడం నా పని. మా లాబీలో ఒక చేపల తొట్టి ఉండేది. దానికి ఇనుప స్టాండు చేసింది లింగంపల్లిలో వెల్డింగు షాపు పెట్టుకున్న మా అన్న బెన్నీ. ఆ తొట్టి తీసేసి, అదే స్టాండు మీద దానికి మూడింతలు నీళ్ళు పట్టే తొట్టి పెడతామన్నారు. పొడవూ వెడల్పూ అవే, ఎత్తే పెరిగింది. ఇదివరకు నా భుజం దాకా వచ్చేది, ఇప్పుడు తల దాటిపోయింది. స్టాండు ఆగదేమోనని నోరు జారాను. అంతే, మా అన్నకు రోషం వచ్చింది. బయట సిమెంటు నేల మీద స్టాండు పెట్టి, ఆఫీసులో ఉన్న ఒళ్ళు బరువు మగాళ్ళను ఆరుగురిని దాని మీద ఎక్కించాడు. స్టాండు కిక్కురుమనలేదు. "ఏనుగెక్కినా ఆగుతది" అన్నాడు మా అన్న. ఆఫీసంతా చప్పట్లు కొట్టి, నా మొహం చూసి నవ్వింది. మీరు పుస్తకం మూసింది అక్కడే.

ఇవాళ సోమవారం. యజమాని భీమేశ్వరరావు గారు విదేశీ అతిథుల్ని తీసుకురావడానికి బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళారు. మధ్యాహ్నం వాళ్ళు లాబీలో అడుగుపెట్టేసరికి తొట్టి నిండి, చేపలు ఈదుతుండాలి. తొట్టి ముందు ఎర్ర రిబ్బను కట్టి ఉండాలి. అది కోయడానికి కత్తెర, కత్తెర పెట్టడానికి వెండి పళ్ళెం నా టేబుల్ మీదకి పొద్దున్నే వచ్చేశాయి.

తొట్టి ఉత్తరపు గోడకు ఆనుకుని ఉంది. ఒక కొస పడమటికి, ఒక కొస తూర్పుకి. తూర్పు కొసకి పక్కనే, చెయ్యి చాపితే అద్దం తగిలేంత దగ్గరలో, మా టెలిఫోన్ బోర్డు. బోర్డు ముందు కుర్చీ. కుర్చీలో మా వదిన సెలీనా, మా అన్న భార్య. ఏడో నెల. మా అమ్మ బతికుండగా చూడాలని కలవరించిన మనవడో మనవరాలో అక్కడ, ఆ అద్దానికి అడుగు దూరంలో ఉంది. నాకు తొట్టితో పేచీ లేదు. చేపలకి రోజూ మేత వేసింది నేనే. నా పేచీ అంతా ఆ కుర్చీతోనే.

పొద్దున పదింటికి వాచ్‌మన్ మల్లయ్య బాత్రూం నుంచి పైపు లాక్కొచ్చి నీళ్ళు వదిలాడు. స్టాండు మీద తొట్టికి బయటగా నాలుగు వేళ్ళంత పలక మిగిలి ఉంటుంది. వదిన తన పెన్సిల్ ఎప్పుడూ దాని మీదే పెడుతుంది. పెట్టింది. పెన్సిల్ దొర్లి దొర్లి వచ్చి ఆమె ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఒళ్ళోకే వచ్చింది.

"చూస్తివా, నా పెన్సిల్‌కు నా మీద ఎంత ప్రేమనో" అని నవ్వింది వదిన.

నాకు నవ్వు రాలేదు. "వదినా, పాత తొట్టి ఉన్నప్పుడు గిట్ల దొర్లేదా?"

"ఏమో, ఎవరు చూసిండ్రు?"

"జర లే. ఇటు నా కుర్చీల కూసో."

"మళ్ల మొదలువెట్టినవా?" వదిన గొంతు తగ్గించింది. "మీ అన్న ఆరుగురిని ఎక్కించి చూపిచ్చిండు గదా. నలుగుట్ల నా మొగుని పరువు తీయకు లీదియా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మొగుడికి తగ్గ పెళ్ళాం. ఇద్దరూ ఒక్క మాటే. సరే, నేనే చూసుకుందామని స్టాండు దగ్గరికి వెళ్ళాను. శుక్రవారం పూజ చేసినప్పటి నుంచీ స్టాండు చుట్టూ నేల దాకా ఎర్ర మఖమల్ గుడ్డ వేలాడుతోంది. కాళ్ళు కనపడవు. వంగి గుడ్డ అంచు పట్టుకున్నానో లేదో వెనక నుంచి కేక వినపడింది.

"రిసెప్షన్! చెయ్యి తియ్యి!"

రాజరాజేశ్వరి గారు. యజమాని భార్య, ఆఫీసు వ్యవహారాలన్నిటికీ పెద్ద దిక్కు. ఆవిడ దగ్గర మనుషులకు పేర్లు ఉండవు. నేను రిసెప్షన్, వదిన బోర్డు, మల్లయ్య గేటు. అతిథుల కోసం ఇవాళ జరీ బరువుకి నేల ఊడుస్తున్న కంచిపట్టు చీర కట్టుకుని వచ్చారు.

"పూజ చేసిన చోటది. నువ్వు ముట్టుకోకు."

ఆ మాట వెనక ఉన్న మాట నాకు వినపడింది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ పాత తొట్టి పాచి కడిగింది ఈ చేతులే కదా, అప్పుడు లేని పట్టింపు శుక్రవారం ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుదామనుకున్నాను. వదిన నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. మింగేశాను.

"స్టాండు ఒక పక్కకి ఒరిగినట్టుంది మేడమ్. ఒక్కసారి కింద చూసి వదిలేస్తాను."

"మొన్న నీ అన్నయ్యే కదా అంత హంగామా చేసి చూపించాడు? అతనికి తెలియంది నీకు తెలిసిందా?"

"ఆగితే నాకూ సంతోషమే మేడమ్. తొట్టిని ఏమీ అనట్లేదు. నిండేదాకా మా వదినని ఇటు కూర్చోనివ్వండి, చాలు."

"బోర్డు వైర్లన్నీ ఆ గోడలో ఉన్నాయి. అతిథులొచ్చే పూట వైర్లు పీకించమంటావా? ఫోన్లు ఎవరు తీస్తారు, నీ తాతా?"

మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయన్ని ఎందుకు లాగిందో ఆవిడకే తెలియాలి. "వైర్లు అక్కడే ఉండనివ్వండి. మోగినప్పుడల్లా నేనే పరుగెత్తి తీస్తాను" అన్నాను.

"పరుగెత్తుతుందట! వచ్చేవాళ్ళు పెద్ద మనుషులమ్మా. వాళ్ళ ముందు నీ పరుగుపందాలేంటి?" ఆవిడ తొట్టి వంక ఒకసారి మురిపెంగా చూసుకున్నారు. "ఈశాన్యంలో నీళ్ళు ఎక్కువ ఉండాలని సిద్ధాంతి గారు చెప్పారు. ఆయన చెప్పిన ప్రకారం అన్నీ దగ్గరుండి చేయించాను. మీకు ఈ పట్టింపులు ఉండవు కాబట్టి నీకు అర్థం కాదులే."

"మాకూ ఉన్నాయి మేడమ్. మా అమ్మ గోపన్‌పల్లిలో ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడు వాకిలి ఎటుందో చూశాకే అడ్వాన్సు ఇచ్చింది. నేను వాస్తును ఒక్క మాట అనలేదు. నేనన్నది కుర్చీ సంగతి."

"చూడు. మా నాన్నగారికి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. నేను పుట్టింది చెరువు గట్టు మీద. నీళ్ళ గురించీ చేపల గురించీ నువ్వా నాకు చెప్పేది?"

"చెరువు కింద ఎవరూ కుర్చీ వేసుకుని కూర్చోరు మేడమ్."

అనేశాను. అన్నాక నాలుక కరుచుకోలేదు కూడా. పైపు పట్టుకున్న మల్లయ్య దగ్గినట్టు నటించి మొహం పక్కకి తిప్పుకున్నాడు. రాజరాజేశ్వరి గారి ముక్కుపుటాలు అదిరాయి. కానీ ఆవిడ నా మీదకి రాలేదు. ఎక్కడ కొడితే నాకు తగులుతుందో ఆవిడకు బాగా తెలుసు. వదిన వైపు తిరిగారు.

"ఏం బోర్డూ, ఇక్కడ కూర్చోవడం అంత కష్టంగా ఉందా నీకు? ఉంటే చెప్పు. ఇంటికెళ్ళి సుఖంగా కూర్చుందువు గాని. మళ్ళీ రానక్కర్లేదు."

వదిన మొహం పాలిపోయింది. కాన్పు సెలవుకి ఆవిడ సంతకం పెట్టాలి. పెట్టకపోతే సెలవూ లేదు, తర్వాత ఈ కుర్చీ కూడా లేదు.

"నాకేం కష్టం లేదు మేడమ్. ఈడనే కూసుంట" అని, నా వంక మాత్రం చంపేసేలా చూసింది. "నువ్వు పో లీదియా. నీ పని నువ్వు చేసుకో."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మా అన్న వచ్చాడు, తొట్టి మూతకి చేసిన ఇనుప చట్రం భుజాన వేసుకుని. లాబీలో గాలి వాసన చూసి కనిపెట్టేశాడు.

"ఏందే, మళ్ల ఏం లొల్లి?"

"రావయ్యా బెన్నీ" అన్నారు రాజరాజేశ్వరి గారు, గొంతులో తేనె పోసుకుని. అన్నకి పేరుంది చూశారా! అవసరం అలాంటిది. కొత్త బిల్డింగు కిటికీలన్నిటికీ గ్రిల్స్ పని అతనికే ఇస్తానని ఆశ పెట్టారు. "నీ స్టాండు నీ చెల్లెలికే నమ్మకం లేదట. కాస్త బుద్ధి చెప్పుకో."

అన్న చట్రం దించాడు. దించడంలోనే కోపం తెలిసింది.

"నీకేం వచ్చిందే? నేనేం కొత్తగ నేర్చుకుంటున్ననా? ఎన్ని గేట్లు చేసిన, ఎన్ని స్టాండ్లు చేసిన! ఒక్కటన్న వాపస్ వచ్చిందా?"

"రాలేదన్నా. గని గిది పక్కకు ఒరిగింది. వదిన పెన్సిల్ చూడు..."

"పెన్సిల్!" అన్న నవ్వాడు, అందరికీ వినపడేలా. "ఆరుగురు మగోళ్ళు నిలబడ్డది కనబడలే గని పెన్సిల్ కనబడిందా నీకు?"

"గాడ కూసున్నది నీ పెండ్లాం. దాని కడుపుల ఉన్నది నీ బిడ్డ. నాకేం పుట్టిందని కొట్లాడుతున్ననుకుంటున్నవ్?"

"నా పెండ్లాం సంగతి నేను చూసుకుంట. నువ్వు నడుమల దూరకు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే. ఈలోగా అద్దాల తలుపు అవతల కంప్యూటర్ల వాళ్ళంతా లేచి నిలబడ్డారు. మొన్న నవ్విన మొహాలే. ఇవాళ ఇంకోసారి నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తొట్టిలో నీళ్ళు సగానికి పైకి వచ్చాయి. వదిన హెడ్‌ఫోన్ పెట్టుకుని, తల వంచుకుని, ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని కూర్చుంది.

ఆ చెయ్యి చూశాక నాకు ఉద్యోగం, మర్యాద, ఇంగ్లీషు ముక్కలు కలిపిన ఆఫీసు తెలుగు, అన్నీ ఎగిరిపోయాయి. నోట్లోకి ఇంటి మాట వచ్చేసింది.

"మేడమ్, గంత నమ్మకముంటే మీరు కూసోండి."

"ఏంటీ?"

"ఆ కుర్చీల మీరు కూసోండి. తొట్టి నిండేదాక. ఏం గాకుంటే నేను రేపటి సంది రాను. మీరు పొమ్మనుడు కాదు, నేనే పోత."

"లీదియా!" అన్నాడు అన్న.

"నువ్వు ఊకో అన్నా. నిన్నడగలే."

పైపులోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. రాజరాజేశ్వరి గారు అద్దాల తలుపు వైపు చూశారు. అక్కడ ముప్పై జతల కళ్ళున్నాయి. అటు చూడకుండా ఉంటే కూర్చునేవారు కాదేమో. చూశారు కాబట్టి ఇంక వెనక్కి తగ్గే దారి లేదు.

"లే, బోర్డూ" అన్నారు.

వదిన భయంగా లేచింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని, లాబీ ఈ చివరనున్న నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ కంచిపట్టు కుచ్చెళ్ళు సర్దుకుని, తొట్టి పక్క కుర్చీలో మహారాణిలా కూర్చున్నారు. హెడ్‌ఫోన్ కూడా పెట్టుకున్నారు.

"కానీవయ్యా, నీళ్ళు వదులు" అని మల్లయ్యకి ఆజ్ఞ వేసి, నా వంక చూసి పెదవి విరిచారు. "రేపటి నుంచి రానన్నావు. గుర్తుంచుకో."

"గుర్తుంటది."

అబద్ధం ఎందుకు, గెలిచాననే అనుకున్నాను. వదిన ఇటుంది. ఉద్యోగం పోతే పోయింది, నాకు కావలసింది దక్కింది. ఆవిడ సంగతి అంటారా, ఆవిడకేమైనా అవుతుందన్న ఆలోచన ఆ నిమిషంలో నా బుర్రలోకి రానేలేదు. కోపంలో ఉన్నప్పుడు నాకు అవతలి మనిషి కూడా మనిషేనని గుర్తుండదు. మా అమ్మ ఎన్నిసార్లు తిట్టేదో దీనికి.

నీళ్ళు పైదాకా వస్తుండగా అన్న నా మీద చిరాకుతోనే స్టూలు ఎక్కి, మూత చట్రం తొట్టి మీద పెట్టబోయాడు. పెట్టలేదు. చట్రం రెండు చేతులతో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"మల్లన్నా" అన్నాడు మెల్లగా. "నీళ్ళేంది గిట్లున్నయ్?"

అప్పుడు అందరం చూశాం. తూర్పు కొసన, రాజరాజేశ్వరి గారి తలకి పైన, నీళ్ళు రెండు వేళ్ళు ఎక్కువగా ఉన్నాయి. పడమటి కొసన తక్కువగా ఉన్నాయి. నీళ్ళ గీత ఒక పక్క తొట్టి అంచుకు దగ్గరగా వచ్చేసింది, ఇంకో పక్క దిగువనే ఉండిపోయింది.

అన్న స్టూలు దిగి, చట్రం గోడకు ఆనించి, నేల మీద మోకాళ్ళు వేశాడు.

"బెన్నీ, ఆ గుడ్డ ముట్టుకోకు" అన్నారు ఆవిడ.

ముట్టుకున్నాడు. ముట్టుకోవడమేమిటి, పడమటి వైపు మఖమల్ మొత్తం పైకి ఎత్తేశాడు. ఆ పక్క రెండు కాళ్ళ కిందా రెండు పాలరాతి ముక్కలున్నాయి. నున్నగా, తెల్లగా, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

"గివి ఎవరు పెట్టిండ్రు?"

"సిద్ధాంతి గారు పెట్టించారు" అన్నారు ఆవిడ, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ఈ బిల్డింగు కట్టినవాడు నేల పడమటికి పల్లం చేసి తగలేశాడు. పల్లం తూర్పుకుండాలి. అద్దె బిల్డింగాయె, నేల పగలగొట్టలేం కదా? అందుకని తొట్టి వరకైనా తూర్పుకి వాలి ఉండేలా చూడమన్నారు."

మా అన్న మొహం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వెల్డింగు నిప్పురవ్వ కంటిలో పడ్డ రోజు కూడా అతని మొహం అంత నల్లబడలేదు.

"మేడమ్, నేను ఆరుగురిని ఎక్కిచ్చింది సాపు నేల మీద. గిట్ల ఒంపు పెడుతరని ఎవరన్న చెప్తే ఒక్కణ్ణి గుడ ఎక్కనియ్యకపోదును. బరువంత మీ దిక్కే నూకుతున్నది. పాలిష్ నేల మీద పాలిష్ రాయి పెట్టిండ్రు, అది జారకుంట ఏం చేస్తది?" గొంతు పెరిగింది. "మల్లన్నా, నీళ్ళు బంద్ చెయ్! మేడమ్, లేవుండ్రి!"

"లేవను."

"లేవుండ్రి మేడమ్!" ఈసారి అరిచింది నేను.

"నువ్వు కూర్చోమంటే కూర్చుని, నువ్వు లేవమంటే లేవాలా?" ఆవిడ అద్దాల తలుపు వైపు ఇంకోసారి చూశారు. "నిండేదాకా అన్నావు. నిండేదాకా కూర్చుంటాను."

ఈవిడకీ నాకూ పెద్ద తేడా లేదని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి ఏం లాభం, చేతులు కాలాక.

మల్లయ్య పైపు లాగేసి బాత్రూం వైపు పరుగెత్తాడు. పైపులోని నీళ్ళు నేలంతా చిమ్మాయి. తడి పాలరాయిని తాకింది.

చప్పుడు పెద్దగా రాలేదు. కీచుమని, పలక మీద సుద్దముక్క గీసినట్టు. స్టాండు మొత్తం తూర్పుకి జానెడు కదిలింది. అన్న ఒక్క దూకున పడమటి కాళ్ళను వాటేసుకుని, తన పాదాలు గోడకు తన్నిపెట్టి వెనక్కి గుంజాడు. మల్లయ్య పరుగెత్తుకొచ్చి అతని పక్కన ఇంకో ఊచ పట్టుకున్నాడు. కదలడం ఆగింది. ఇద్దరి మెడనరాలూ ఉబ్బిపోయాయి. తొట్టిలో నీళ్ళు ఒకసారి తూర్పు అద్దాన్ని కొట్టి వెనక్కి వచ్చాయి.

రాజరాజేశ్వరి గారు అప్పుడు లేచారు. సగం లేచి ఆగిపోయారు. మళ్ళీ లేవబోయారు. కుర్చీలోకి లాగినట్టు కూలబడ్డారు. నేల ఊడుస్తున్న ఆ కంచిపట్టు అంచు మీదకి స్టాండు తూర్పు వైపు కాలు ఎక్కి కూర్చుంది. ఆవిడ రెండు చేతులతో చీర పట్టి లాగారు. స్టాండు కీచుమంది.

"గుంజకుండ్రి!" అన్న కేక పెట్టాడు, పళ్ళ బిగువున. "నేను ఇడిస్తే మీదికొస్తది. ఎవరన్న పోయి ఆ చీర... జల్ది..."

అద్దాల తలుపు అవతల ముప్పై మంది ఉన్నారు. ఒక్కడూ తలుపు తీయలేదు. ఇంతసేపూ నవ్విన నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని కాళ్ళు మాత్రం కదల్లేదు.

తొట్టి తూర్పు మూల, రెండు అద్దాలు కలిసే చోట, టిక్కుమంది. సన్నటి గీత ఒకటి కింది నుంచి పైకి పాకడం మొదలుపెట్టింది. ఒక నీటిబొట్టు ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ భుజం చూసుకోలేదు, గీతను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ కళ్ళలో మేడమ్ లేదు, ఆకివీడు చెరువులు లేవు. భయపడిపోయిన ఒక పెద్దావిడ ఉంది. అక్కడ కూర్చోబెట్టింది నేను.

"లీదియా" అన్నారు ఆవిడ.

రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోకు. నీ కాళ్ళు మొక్కుత, పోకు లీదియా."

నేను వదిన వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని, వెండి పళ్ళెంలోంచి కత్తెర తీసుకుని, తడి నేల మీద అడుగు వేశాను.